చివరి వ్యాగను మీద చెయ్యి

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. పదిహేడేళ్ళు చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా చేశాను. ఆడమనిషి పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడితే, జనం వచ్చే రైలును వదిలేసి నన్ను చూసిన కాలం అది. ఆ చూపుల మధ్య నేను నేర్చుకున్నది ఒకటే. రూలు క్షుణ్ణంగా తెలిసిన మనిషిని ఎవరూ కదిలించలేరు. డ్రైవర్లు గదమాయించారు, పై ఆఫీసర్లు ఫోన్లో అరిచారు. నేను పుస్తకం తెరిచి పేజీ నంబరు చెప్పాను. అందరూ సర్దుకున్నారు.

అందుకని 2011లో, శంషాబాద్ దగ్గర కొత్తగా పెడుతున్న ట్రైనింగ్ సెంటరుకి పాఠాలు చెప్పడానికి వస్తారా అని అడిగితే, అడిగినవాళ్ళ మాట పూర్తి కాకముందే వస్తానన్నాను. అక్కడ పని నాకోసమే పుట్టినట్టు అనిపించింది. ఆ చుట్టుపక్కల పట్టాల మీద పనిచేసేవాళ్ళు మూడు రకాలు. మొదటివాళ్ళు మెయిన్ లైన్ వాళ్ళు. రెండోవాళ్ళు సైడింగుల వాళ్ళు, అంటే గోదాములూ ఫ్యాక్టరీలూ మెయిన్ లైన్ నుంచి తమ ఆవరణలోకి వేయించుకున్న సొంత పట్టాల మీద వ్యాగన్లు తిప్పేవాళ్ళు. మూడోవాళ్ళు మెట్రో వాళ్ళు. నగరంలో మెట్రో పనులు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. బండి ఇంకా రాలేదు గానీ మనుషుల్ని మాత్రం ముందే తీసుకుంటున్నారు. ఎవరి రూల్స్ వాళ్ళవి, ఎవరి సైగలు వాళ్ళవి. మెయిన్ లైన్‌లో చెయ్యి మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తే 'నా నుంచి దూరంగా పో' అని అర్థం. సైడింగులో ఆ సైగే చేస్తే 'జర నిదానం' అని. మెయిన్ లైన్ ఇంజను రోజూ సైడింగులోకి వెళ్తుంది మరి! ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదంటే అది దేవుడి దయ, మన గొప్పేమీ కాదు.

ముగ్గురికీ ఒకే పుస్తకం రాయాలి, ఒకే శిక్షణ ఇవ్వాలి, ఒకే పరీక్ష పెట్టాలి. పాసైనవాళ్ళకి సర్టిఫికెట్ ఇస్తారు. అది లేనివాళ్ళు ఆ తర్వాత పట్టాల మీద పని చెయ్యడానికి వీల్లేదు. పుస్తకం రాసే కమిటీలో నేనూ ఉన్నాను. మొహమాటం లేకుండా చెప్పాలంటే సగం పైన నేనే రాశాను.

సెంటరు అంటే ఏదో పెద్ద భవనం అనుకునేరు. బైపాస్ రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తు కిరాయికి తీసుకున్నారు. కింద పెళ్ళి ఉంటే పైన మా పాట్లు చూడాలి. బ్యాండు మేళం ఆగినప్పుడు నేను బ్రేకుల గురించి చెప్పేదాన్ని, విమానం దిగుతున్నప్పుడు నేను ఆగేదాన్ని, బిర్యానీ వాసన పైకొచ్చాక క్లాసే ఆగిపోయేది. ప్రాక్టీసుకి ఉందానగర్ స్టేషన్ అవతల వాడకంలో లేని సైడింగు ముక్క ఒకటి దొరికింది. ఎనిమిది పాత వ్యాగన్లు, ఒక ముసలి డీజిల్ ఇంజను, ఒక రేకుల షెడ్డు, పట్టాల చివర ఒక వేపచెట్టు. అంతే మా ఆస్తి.

మొదటి యుద్ధం ఒక్క మాట మీద జరిగింది. బండి కదిపే ముందు, వెనకున్న మనిషి ముందున్న మనిషికి 'అంతా సరిగ్గా ఉంది, కదపొచ్చు' అని చెప్పాలి. దానికి మెయిన్ లైన్ వాళ్ళు 'ఆల్ రైట్' అంటారు, సైడింగు వాళ్ళు 'చలో' అంటారు, మెట్రో వాళ్ళు 'క్లియర్' అంటారు. నేను పుస్తకంలో 'సిద్ధం' అని రాశాను. మాది కృష్ణా జిల్లా. క్లాసంతా గొల్లుమంది.

"సిద్ధం ఏంది మేడం, హరికథ చెప్తున్నట్టుంది," అన్నాడు మంఖాల్ నుంచి వచ్చే ఒకతను. "తయార్ అనున్రి. మాకు తెలుస్తది, చాచాకు గుడ తెలుస్తది."

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకాన్ని. మూడు రోజులు బిగుసుకుని కూర్చుని, నాలుగో రోజు 'సిద్ధం' కొట్టేసి 'తయార్' అని రాశాను. ఆ రోజు క్లాసు నాకు చప్పట్లు కొట్టింది. నేను విననట్టే బోర్డు తుడిచాను.

ఆ చాచా గురించే ఇదంతా. శంషాబాద్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. కాటేదాన్ అవతల ఒక గోదాముల సైడింగులో షంటింగ్ జమేదారు, అంటే ఇంజనుకి సైగలిచ్చి వ్యాగన్లని కలిపించేవాడు, విడదీయించేవాడు. వయసు యాభై ఆరు, అందులో ముప్పై ఏళ్ళు ఆ పనే. తెల్ల గడ్డం, ఇస్త్రీ నలగని ఖాకీ చొక్కా, జేబులో మడిచి పెట్టుకున్న ఎర్ర గుడ్డ. తెలుగు బాగా మాట్లాడతాడు, చదవడం రాదు. అందుకని అలాంటివాళ్ళకి రాత పరీక్ష నోటితోనే పెట్టాలని పట్టుబట్టి సాధించాను.

తన సంగతేమిటో చాచా మొదటి రోజే చెప్పాడు.

"ఈ కాగితం రాకుంటే మా సేటు నన్ను గేటు కాడ కూసోబెడ్తడంట మేడం. లారీ వస్తే గొలుసు ఎత్తుడు, పోతే దించుడు. జీతం గంతే ఉంటది, ఏం తక్వ గాదు. కానీ ముప్పై ఏండ్ల సంది ఇంజన్లు నా చెయ్యి చూసి నడిచినయ్. ఇగ లారీలకు గొలుసు ఎత్తాల్నా నేను?"

ఆ గొంతులో బతిమాలడం లేదు. అడుగుతున్నాడంతే. మీకు సర్టిఫికెట్ వచ్చేదాకా నాది పూచీ అన్నాను. పుస్తకంలో మెయిన్ లైన్ సైగలే ఉంచాం. ముప్పై ఏళ్ళ సైగల్ని ఆయన రెండు వారాల్లో మార్చుకున్నాడు. పాతికేళ్ళ మెట్రో పిల్లలకి అంతకన్నా ఎక్కువ పట్టింది.

ఒక్కటే మార్చుకోలేదు. పుస్తకం ప్రకారం వెనకున్న మనిషి వాకీటాకీలో 'తయార్' అనగానే ముందున్న జమేదారు ఇంజనుకి సైగ ఇచ్చెయ్యాలి. చాచా 'తయార్' విన్నాక వాకీటాకీ నడుముకి తగిలించి నడక మొదలుపెట్టేవాడు. ఎనిమిది వ్యాగన్ల పొడవునా, ఒక్కో చక్రం దగ్గరా వంగి చూసుకుంటూ, చివరి వ్యాగను వెనక్కి వెళ్ళి దాని మీద అరచెయ్యి వేసి, గేదెని తట్టినట్టు రెండుసార్లు తట్టి, మళ్ళీ అంత దూరం నడిచి వచ్చి అప్పుడు సైగ ఇచ్చేవాడు. ఈలోగా ఇంజను డ్రైవరు ఒక బీడీ పూర్తి చేసేవాడు.

"పెండ్లి చూపులు అయినయా చాచా? పిల్ల నచ్చిందా?" అని మంఖాల్ అతను ఏడిపించేవాడు. చాచా కూడా నవ్వేవాడు. కానీ నడక మానేవాడు కాదు.

నాకు ఒళ్ళు మండేది. "వాకీటాకీలు ఎందుకిచ్చాం చాచా, మెళ్ళో వేసుకుని ఊరేగడానికా? వెనక మనిషి చెప్పాడు కదా?"

"చెప్పిండు మేడం. నోటి మాట వచ్చింది. కండ్లతోని చూసి చెప్పిండా, కూసొని చెప్పిండా, నాకెట్ల ఎరుక?"

"మీ సైడింగులో ఒక్కరే ఉంటారు కాబట్టి నడిచారు. ఇక్కడ ఇద్దరున్నారు. ఒకరి మాట ఒకరు నమ్మకపోతే ఇక ఉమ్మడి రూల్స్ ఎందుకు? పరీక్షలో మీకిచ్చేది పది నిమిషాలు. మీ నడకే ఏడు నిమిషాలు. నా మాట విని పుస్తకంలో ఉన్నట్టు చెయ్యండి."

"సరే మేడం," అన్నాడు. ఆ సరే అంటే ఏమిటో నాకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.

ప్రాక్టికల్ పరీక్ష 2012 ఎండాకాలంలో జరిగింది. పరీక్ష పెట్టేది బయటి మనిషి, రిటైరైన పెద్ద ఆఫీసరు. స్టాప్‌వాచ్ తాడు మెళ్ళో వేసుకుని మరీ వస్తాడని, ఎవరికీ అర మార్కు కూడా ఊరికే వెయ్యడని ముందే విన్నాం. ఆయన వచ్చేలోపు పిల్లకాయలకి ఆఖరిసారి ఒక పాఠం గుర్తుచేద్దామని యార్డులోకి తీసుకెళ్ళాను. వ్యాగన్లు వాటంతటవి దొర్లిపోకుండా చక్రం పక్కన పట్టా మీద పెట్టే ఇనుప అడ్డు ఒకటి ఉంటుంది. దాన్ని స్కిడ్డు అంటాం. చివరి వ్యాగను వెనక చక్రానికి ఒక స్కిడ్డు పెట్టి, దాని మీద నీలం సుద్దతో గీత గీసి, నా పుస్తకంలో పద్నాలుగో రూలు వాళ్ళ చేత పలికించాను. పెట్టినవాళ్ళే తియ్యాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. మంచి రూలే అది. ఎవరో వ్యాగను కింద పనిలో ఉండగా ఇంకెవరో చనువుగా అడ్డు తీసేస్తే ప్రాణాలు పోతాయి. అంతకుముందు నెలలో ఒకడు నేను పెట్టిన స్కిడ్డు సాయం చేద్దామని తీస్తే, వాడికి గంటసేపు గడ్డి పెట్టాను.

ఇంతలో సారు కారు వచ్చిందన్నారు. పరుగెత్తాను. ఆయన హిమాయత్ సాగర్ వైపు నుంచి ఔటర్ రింగు రోడ్డు మీద వచ్చాడు. ఆ రోడ్డు గురించి పావుగంట చెప్పాడు. చాయ్ తాగించాను, సమోసా తినిపించాను. స్కిడ్డు సంగతి నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది. క్లాసులో ఇరవై మంది చూశారు దాన్ని. ఒక్కరూ ముట్టుకోలేదు. ఎలా ముట్టుకుంటారు, పెట్టింది నేను కదా!

మొదటి వంతు చాచాదే. ఇంజనుతో ఎనిమిది వ్యాగన్లనీ కొంత దూరం వెనక్కి తోయించి, గుర్తు దగ్గర ఆపించాలి. వెనక నిలబడే పని మెయిన్ లైన్ నుంచి వచ్చిన ఒక పాయింట్స్‌మన్‌ది, అంటే బండ్లకి పట్టాలు మార్చే మనిషిది. మహబూబ్‌నగర్ వైపు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, పనిమంతుడే. ఎండకి తాళలేక వేపచెట్టు నీడలోకి జరిగి కూర్చున్నాడు. ఆ నీడ చివరి వ్యాగను పక్కనే పడుతుంది.

చాచా వాకీటాకీలో పిలిచాడు. మాట పూర్తి కాకముందే "తయార్" అని జవాబు వచ్చింది.

ఆ జవాబు సంగతి చెప్పాలి. మెయిన్ లైన్‌లో పనిచేసేవాళ్ళు స్టేషన్ దాటే ప్రతి బండికీ 'ఆల్ రైట్' అని జెండా చూపిస్తారు. ఏళ్ళ తరబడి చూపించాక చెయ్యి దానంతటదే లేస్తుంది, నోరు దానంతటదే పలుకుతుంది. ఇంట్లో మా ఆయన కూడా అంతే. గ్యాసు కట్టేశారా అని నేను అడిగితే, మంచం మీంచి కదలకుండానే కట్టేశానంటాడు. అబద్ధం ఆడాలని కాదు. అడిగితే చెప్పే మాట అది, అలవాటైపోయింది. మేం పుస్తకంలో మాట మార్చాం, 'ఆల్ రైట్' పోయి 'తయార్' వచ్చింది. అలవాటు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

చాచా ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. వెళ్ళొద్దని తల అడ్డంగా ఊపాను. ఆయన వాకీటాకీ నడుముకి తగిలించి నడక మొదలుపెట్టాడు.

సారు స్టాప్‌వాచ్ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. చాచా ఒక్కో చక్రం దగ్గరా వంగుతూ వెళ్ళి చివరి వ్యాగను వెనక మాయమయ్యాడు. ఇంజను దగ్గర నిలబడ్డ మాకు అవతల ఏం జరుగుతోందో కనిపించదు. రోజూ కన్నా ఎక్కువసేపే పట్టింది. తిరిగొచ్చి సైగ ఇచ్చాడు. వ్యాగన్లు నూనె రాసినట్టు మెత్తగా కదిలి సరిగ్గా గుర్తు దగ్గర ఆగాయి. మొత్తం పదిహేడు నిమిషాలు. సారు కాగితం మీద ఫెయిల్ అని రాసి సంతకం పెట్టాడు. చాచా ఆయనకి సలాం చేసి, పంపు దగ్గర చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

వెనకే వెళ్ళి అరిచాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా, మీ మొండితనానికి మీరే గేటు దగ్గర కూర్చోండి అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది. ఆయన తల వంచుకుని చేతులు రుద్దుకుంటూ, "మీరన్నది నిజమే మేడం," అన్నాడు.

సాయంత్రం సామాను పెట్టెలో సర్దుతున్నాను. మా దగ్గర ఆరు స్కిడ్లు ఉండాలి. లెక్కపెట్టాను, ఆరూ ఉన్నాయి. ఆరోదాని మీద నీలం సుద్ద గీత ఉంది. అది చేతిలోకి తీసుకున్నాను. ఇది నేను పెట్టాను. నేను తియ్యలేదు.

ఖాళీ వ్యాగన్లు ఆ ఇనుము మీదకి ఎక్కితే పట్టా దిగిపోతాయి. దిగితే వేపచెట్టు వైపే ఒరుగుతాయి. ఆ పాయింట్స్‌మన్ ఇంకా యార్డులోనే ఉన్నాడు. పిలిచి స్కిడ్డు చూపించాను. అతని మొహం పాలిపోయింది.

"చాచా తీసిండు మేడం. గుంజి తుప్పల్ల దాచిండు. సారు పోయినంక తెచ్చి పెట్టెల ఏసిండు. మేడంకు చెప్పకు అన్నడు. నేను గీ పక్కనే కూసున్న మేడం." ఆ ఆఖరి మాట రెండుసార్లు అన్నాడు.

శంషాబాద్ బస్టాండు ఎదురుగా చాచా రోజూ చాయ్ తాగే హోటలుంది. ఆటో ఎక్కి నేరుగా అక్కడికే వెళ్ళాను. ఒక్కడే కూర్చుని సాసర్లో చాయ్ పోసుకుంటున్నాడు. నేను కూర్చోకుండానే అడిగాను.

"ఎందుకు చెప్పలేదు?"

ఆయన దబాయించలేదు, బుకాయించలేదు. "రూల్ ప్రకారమైతే పెట్టినోళ్లనే పిలువాలె. గా పెద్ద సారు ముందర మిమ్మల్ని పిలిస్తే మీ ఇజ్జత్ ఏం గావాలె మేడం? ఆడమనిషి, గిన్ని మంది మొగోళ్లకు పాఠం చెప్తున్నరు. ఒక్క తప్పు దొరికితే సాలు, పదేండ్లు చెప్పుకొని నవ్వుతరు."

"మరి మీ సంగతి? గేటు దగ్గర కూర్చుంటారా?"

"కూసుంట. ఏం జేస్తం."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. హోటలంతా వినేలా అన్నాను: "చాచా, మీరు రెండు తప్పులు చేశారు. నేను పెట్టింది మీరు తీశారు. తీసి దాచారు. దాచిన తప్పు రేపు ఇంకొకరి ప్రాణం తీస్తుంది. నా పరువు సంగతి నేను చూసుకుంటాను, మీరు చూడక్కర్లేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, గడ్డంలో నవ్వుకుని, "కూసోన్రి మేడం. జర చాయ్ తాగున్రి," అన్నాడు. కూర్చున్నాను. చాయ్ తాగాను. ఆ స్కిడ్డు నా ఒళ్ళోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే సారు ఇంటికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు నా చేత్తో రాసి, కింద సంతకం చేసి తీసుకెళ్ళాను. తప్పు ఒప్పుకోవడానికి ధైర్యం కావాలంటారు. నాకు కోపం సరిపోయింది, ఈసారి నా మీద. ఆయన రెండుసార్లు చదివాడు.

"పుస్తకం అచ్చుకి వెళ్ళబోతోంది. ఈ కాగితం నేను తీసుకుంటే, రాసినావిడే రూలు తప్పిందని కమిటీకి తెలుస్తుంది. ఆలోచించుకున్నారా?"

"నేను మర్చిపోవడం నా తప్పు సార్. కానీ నేను రాసిన పుస్తకం ప్రకారమే చేసిన మనిషి ఎవరైనా ఆ బండిని స్కిడ్డు మీదకి ఎక్కించేవాడు. పుస్తకం తప్పిన మనిషే ఆపాడు. అంటే పుస్తకమే తప్పు. తెలిసీ అచ్చు వేస్తే అది ఇంకా పెద్ద తప్పు."

ఆయన స్టాప్‌వాచ్ తాడుని వేలికి చుట్టుకున్నాడు. "రూలు మార్చి రండి. మళ్ళీ పరీక్ష పెడతాను," అన్నాడు.

కమిటీలో పెద్ద గొడవే అయింది. నేను పెట్టిన కొత్త రూలు చిన్నది. చివరి వ్యాగను మీద చెయ్యి పెట్టి ఉన్నవాళ్ళే 'తయార్' అనాలి. మనిషి ఒక్కడే ఉంటే అతనే నడవాలి. ఆ నడకకి నిమిషాల లెక్క లేదు. మెయిన్ లైన్ పెద్దాయన ఆలస్యం అవుతుందన్నాడు. మెట్రో ఆయన మా దగ్గర కెమెరాలుంటాయి, ఈ ముట్టుకోవడాలు పాత కాలపు పద్ధతులు అన్నాడు. మీ కెమెరా చక్రం కిందకి దూరి చూస్తుందా అని అడిగాను. డిపోలో బండికి కరెంటు ఇచ్చే ముందు, కింద పనివాడు ఇంకా ఉన్నాడో లేడో మీకు ఎవరు చెప్తారు అని అడిగాను. నా తప్పు కాగితం బల్ల మీద పెట్టి, ఇది చదివాక కూడా వద్దంటే మీ పేరు కింద వద్దని రాసి సంతకం పెట్టండి అన్నాను. ఎవరూ పెన్ను తియ్యలేదు. అది పదిహేనో రూలయింది.

వారం తర్వాత చాచాకి మళ్ళీ పరీక్ష. ఈసారి ఆయనకి వెనక మనిషిని ఇవ్వలేదు. ఒక్కడే చెయ్యాలి. ఆ రోజు సారు చెప్పిన టైము కంటే ముందే వచ్చి, యార్డంతా ఓసారి చూసొస్తానని ఒంటరిగా తిరిగి వచ్చాడు. పెద్దాయన కదా, చూడనీ అనుకున్నాం. స్టాప్‌వాచ్ మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు.

చాచా నడిచాడు. వంగాడు, లేచాడు, చివరి వ్యాగను వెనక్కి వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. ఈసారి నేను ఏమీ పెట్టలేదు, పొద్దున్నే ఆరు స్కిడ్లూ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. నా చేతిలోని వాకీటాకీ పలికింది.

"మేడం, ఈడ ఒక స్కిడ్ ఉన్నది. నేను పెట్టలే. మీరు పెట్టిన్రా?"

"లేదు చాచా." మళ్ళీ పెట్టె వైపు చూశాను. అయిదే ఉన్నాయి.

"మరి ఎవరు పెట్టిన్రో వాళ్లనే రమ్మనున్రి. వచ్చి తియ్యాలె. నేనైతే ముట్ట."

అప్పుడు సారు కుర్చీలోంచి మెల్లగా లేచాడు. టోపీ సర్దుకున్నాడు. మే నెల ఎండలో ఎనిమిది వ్యాగన్ల పొడవునా నడిచి వెళ్ళి, వంగి, తను పెట్టిన స్కిడ్డు తనే గుంజి, భుజం మీద పెట్టుకుని తిరిగొచ్చాడు. చొక్కా అంతా మట్టి, మొహమంతా చెమట. మంఖాల్ అతను నవ్వు ఆపుకోలేక రేకుల షెడ్డు వెనక్కి పరుగెత్తాడు. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడు. సారు కాగితం మీద పాస్ అని రాసి, సంతకం పెట్టి, నాకిస్తూ, "మీరు ఆ మనిషిని సరిగ్గా చూడలేదమ్మా," అన్నాడు. నిజమే సార్ అన్నాను. ఆ మాటకి మాత్రం నాకు కోపం రాలేదు.

ఆ తర్వాత ఎన్ని బ్యాచులొచ్చాయో! పుస్తకం అచ్చయింది. సైడింగు వాళ్ళు, మెయిన్ లైన్ వాళ్ళు, మెట్రో వాళ్ళు ఒకే మాట అనడం, ఒకే సైగ చెయ్యడం నా కళ్ళముందే అలవాటైంది. ఎవడైనా నీడలో కూర్చుని 'తయార్' అంటే, పక్కవాడే 'చెయ్యి ఏదిరా' అని అరిచేవాడు. నేనూ ఒకటి నేర్చుకున్నాను. రోజూ క్లాసు అయ్యాక వ్యాగన్ల చివరిదాకా నడిచి వెళ్ళి, ముట్టి వస్తాను. అప్పటిదాకా ఆ ఇనుము ఎండలో ఎంత కాలుతుందో నాకు తెలియదు. ఇంత పుస్తకం రాసి, చివరి వ్యాగను మీద ఒక్కసారీ చెయ్యి వెయ్యలేదు నేను.

2014లో, కొత్త రాష్ట్రం వచ్చిన కొన్నాళ్ళకి, చాచా యార్డుకి వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం. ఖాకీ కాకుండా తెల్ల బట్టల్లో చూడ్డం అదే మొదలు.

"రిటైర్ అయిన మేడం. గేటు కాడ గాదు, లైన్ మీదనే అయిన."

నాకు చెప్పలేనంత సంతోషమైంది. ఆ మాట ఆయనతో అనేశాను కూడా. షెడ్డులో కూర్చున్నాక పుస్తకం చూపించమన్నాడు. పదిహేనో రూలు తీసి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"నా పేరు లేదు గద?" అన్నాడు.

నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. "లేదు చాచా. రూల్స్ పుస్తకంలో ఎవరి పేరూ ఉండదు. నాదీ లేదు."

"మంచిగైంది మేడం. పేరుంటే, ఎవడో ముసలోడు చెప్పిండు తియ్ అంటరు. పేరు లేదు గాబట్టి రూల్ అంటరు. నడుస్తరు."

బయట కొత్త బ్యాచు ప్రాక్టీసులో ఉంది. మెట్రోకి తీసుకున్న ఆడపిల్లలు నలుగురున్నారు ఆ బ్యాచులో. బల్ల మీద వాకీటాకీ పలికింది. "మేడం, చివరి వ్యాగను మీద చెయ్యి పెట్టిన. తయార్."

చాచా కళ్ళు తెరిచాడు. ఆ పిల్లకి ఆయనెవరో తెలియదు. నేను లేచి గోడకున్న పచ్చజెండా తీశాను. ఇవ్వబోయి ఆగాను.

"సర్టిఫికెట్ ఉందా చాచా?"

ఆయన పగలబడి నవ్వి, జేబులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న కార్డు తీసి నా ముందు పెట్టాడు. తేదీ చూశాను. ఇంకా ఏడాది ఉంది. జెండా ఆయన చేతిలో పెట్టాను.

షెడ్డు దాటి పట్టాల పక్కన నిలబడి, చెయ్యి చాచి, జెండాని మెల్లగా పైకీ కిందకీ ఆడించాడు. ఇంజను ఆయన చెయ్యి చూసి కదిలింది.